అవతలి పార్టీ మేడ మీది డాక్టరమ్మ

మా బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మాయి ఈ మధ్య ఒకరోజు స్టాఫ్ రూములో బల్ల మీద తల ఆనించి కూర్చుంది. పక్క తరగతిలో పిల్లలు గోల చేస్తున్నా లేవలేదు. ఏమిటని అడిగితే, "అండాశయంలో గడ్డ మేడం. పోయినేడు తీసినారు. మళ్లా వచ్చిందంట" అంది. ఆ "మళ్లా" అన్న మాట ఎంత బరువో నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే. ఇంకేదో చెప్పబోయేలోగా బెల్లు కొట్టారు. ఇంటికి వచ్చాక, చెప్పకుండా మిగిలిపోయిందంతా రాయాలనిపించింది. రాసుకుంటే నా మనసుకూ కాస్త కుదురుగా ఉంటుంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. నాకు కుదిరిన మందు ఇంకొకరికి కుదరాలని లేదు. నేను చెప్పగలిగింది ఆ మందు దాకా ఎలా చేరానన్నదే. ఆ దారిలో నా జబ్బు కంటే మా ఊరి పార్టీలే పెద్ద అడ్డం.

ఓట్లకు ముందు ఎండాకాలం

నేను పుట్టింది జమ్మలమడుగులో. మా తాతల కాలంలో దొరలు పెట్టిన మిషన్ బడిలో చదువుకుని టీచర్లయిన కుటుంబం మాది. నేనూ టీచర్నే. పులివెందుల దగ్గర పల్లెలో నన్ను ఇచ్చారు. నా భర్త జయరాజు బోరు మోటార్లు బాగు చేస్తాడు. చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, మోటారు కాలిపోతే దానికి మళ్లీ తీగ చుట్టి నీళ్లు పోయించేది ఆయనే. చేయి మంచిదని పేరు. అయితే ఆ మంచి చేయి ఊళ్లో సగం తోటలకే పోయేది.

ఎందుకో చెప్పాలి. ఆ రోజుల్లో మా ప్రాంతంలో పార్టీ అంటే ఓటు గుద్దే గుర్తు ఒక్కటే కాదు. ఏ అంగట్లో సరుకు తేవాలి, ఎవరి జీపు ఎక్కాలి, ఎవరి పెళ్లిలో అన్నం తినాలి, అన్నీ అందులోవే. మా ఇంట్లో ఎవరూ కత్తి పట్టినవాళ్లు కాదు. అయినా మా వీధి వీధంతా పెద్దాయన పార్టీ కింద లెక్క. పెద్దాయన అంటే మా ఊరి నాయకుడు. ఆయన తోటలు, ఆయన మనుషుల తోటలు, అన్నిటి మోటార్లూ జయరాజు చేతి మీదే నడిచేవి. అవతలి పార్టీ వాళ్ల మోటారు కాలితే ప్రొద్దుటూరు నుంచి మనిషిని తెప్పించుకునేవాళ్లు గానీ, నాలుగు ఇళ్ల అవతల ఉన్న మా ఆయన్ను పిలిచేవాళ్లు కాదు.

ఆసుపత్రులకూ అదే లెక్క. జబ్బు చేస్తే మావాళ్లు ముందు అడిగేది ఏ డాక్టరు మంచివాడని కాదు, ఏ డాక్టరు మనవాడని. పాపం ఆ డాక్టర్లకు తాము ఏ పార్టీలో ఉన్నారో తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

నొప్పి నాకు చదువుకునే రోజుల నుంచీ ఉంది. ఆడపిల్లలకు మామూలే అన్నారు, నేనూ మామూలే అనుకున్నాను. పెళ్లయ్యాక అది నెలలో నాలుగు రోజుల చుట్టంలా ఉండడం మానేసి ఇంట్లో మనిషైపోయింది. బోర్డు మీద రాస్తూ రాస్తూ గోడకు ఆనుకునేదాన్ని. బస్సు గుంతలో పడితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ప్రొద్దుటూరులో మనవాళ్ల ఆసుపత్రికి పోతే స్కాను చేసి, అండాశయంలో గడ్డ ఉందని కోసి తీశారు. ఏడాది తిరగకుండానే మళ్లీ వచ్చింది.

ఆ డాక్టరు పెద్దవాడు, చెడ్డవాడు కాదు. "ఇట్ల వచ్చినప్పుడల్లా కోసుకుంటా పోలేం గదమ్మా. అంతా ఒకటేసారి తీసేద్దాం" అన్నాడు. అంతా అంటే గర్భసంచి, రెండు అండాశయాలు. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. పిల్లలు లేరు. పిల్లలు ఎటూ కాలేదు కాబట్టి పోయేదేమీ లేదని కూడా ఆయన అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. అది ఓదార్పు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంట్లో ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు. మా వీధిలో చాలామంది చిన్న వయసులోనే తీయించుకున్నారు. శనక్కాయ చేలల్లో పనికి పోయేవాళ్లకు నెలనెలా ఇబ్బంది లేకుండా పోతుందని ఒకరిని చూసి ఒకరు పోయేవాళ్లు. మా అత్త మరియమ్మ కూడా అలా తీయించుకున్న మనిషే. జయరాజు తల వంచుకుని చేతికున్న గ్రీసు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడింది పెద్దాయన. జీపు ఇస్తానన్నదీ ఆయనే. ఓట్లు అయిపోగానే అన్నాడు. నా కడుపు సంగతి మా ఇంటి కంటే ముందు ఆయన అరుగు మీద తేలిపోయింది.

నాకు భయంగా ఉందని ఎవరితో అనాలో తెలియలేదు. భయం ఆపరేషన్ గురించి కాదు. ఆ తలుపు ఒకసారి మూస్తే మళ్లీ తెరవలేరని.

ఓట్ల నెల

ఆ ఓట్లు మంచిగా జరగలేదు. మా ఊరి పొలిమేరలో ఒక మనిషిని చంపారు. ఏ పార్టీ మనిషో నేను రాయను. ఆయనకు ఒక భార్య ఉంది, అంతవరకే రాస్తాను. బస్సులు ఆగిపోయాయి. బడిలో పోలీసులు దిగారు. దాడులకు, కేసులకు భయపడి మగవాళ్లు ఇళ్లు వదిలి తోటలు పట్టారు. జయరాజు మోటారు షెడ్డులో ఉండేవాడు, అత్తో నేనో అన్నం తీసుకుపోయేవాళ్లం. ఆపరేషన్‌కు మొగుడు వచ్చి సంతకం పెట్టాలి, ఆ మొగుడు ప్రొద్దుటూరు దారిలో కనబడడానికి లేదు. అందువల్ల ఆపరేషన్ వాయిదా పడింది. ఒక మనిషి చావు వల్ల నాకు మేలు జరిగిందని రాయడానికి చేయి రావడం లేదు. కానీ జరిగింది అదే.

మా పక్క ఒక కట్టుబాటు ఉండేది. ఎంత పగలున్నా ఆడవాళ్ల జోలికి రాకూడదు. అందుకని మగవాళ్లు కదల్లేని రోజుల్లో అంగడికి, కోర్టుకు, బ్యాంకుకు, ఆసుపత్రికి ఆడవాళ్లే తిరిగేవాళ్లు. బస్సులు మళ్లీ మొదలైనప్పుడు వాటి నిండా మేమే. అలాంటి బస్సులోనే అత్త నన్ను జమ్మలమడుగులో మా అమ్మ దగ్గరికి తీసుకుపోయింది. దారి పొడవునా ప్రతి గుంతకూ ఆమె నా నడుము కింద తన చేయి పెట్టింది. ఆ మనిషి నాతో మెత్తగా మాట్లాడిన రోజు లేదు, ఆ చేయి మాత్రం తీయలేదు.

మా అమ్మ ఒక సంగతి చెప్పింది. ప్రొద్దుటూరుకు ఒక డాక్టరమ్మ వచ్చిందట. అమ్మతో పనిచేసిన టీచరు కూతురికి ఇదే జబ్బయితే కోయకుండా మందులతో నిలబెట్టిందట. ఒకసారి ఆమెకు చూపిద్దాం, ఆమె కూడా తీసేయాలంటే అప్పుడు తీయిద్దాం అంది అమ్మ. సరే యాడుందని అత్త అడిగింది. అమ్మ గుర్తులు చెబుతుంటే అత్త ముఖం మాడిపోయింది. ఆ మేడ అవతలి పార్టీ నాయకుడి బావమరిదిది. కింద వాళ్ల పార్టీ ఆఫీసు. పైన డాక్టరమ్మ.

"ఆ మెట్లెక్కినామని తెలిస్తే రేపట్నుంచి మావాడు యాడ పని జేస్తాడు వదినా?" అంది అత్త. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. జెండా మార్చారన్న మాట పుడితే మా వీధిలో మొదట ఆగేది పని. నా జీతం ఉన్నా, పని లేని జయరాజు ఎలా ఉంటాడో మా ఇద్దరికీ తెలుసు. నేనే వద్దన్నాను.

మరునాడు పొద్దున వంటింట్లో బియ్యం ఏరుతూ నొప్పికి వంగిపోయి, చేట మీదే ముఖం పెట్టుకుని ఉండిపోయాను. అత్త గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత బైబిలు తీసి కాసేపు చదువుకుంది, మూసింది, చెంగు తల మీదికి లాక్కుంది.

"లెయ్ సుగుణా, పోదాం పా. ముసుగేసుకోని పోతే యా పార్టీ అని ఎవురడుగుతారు."

మేడ మీద

పార్టీ ఆఫీసు ముందు జెండాలు, కుర్చీలు, టీ తాగుతున్న మగవాళ్లు. మెట్లకు అడ్డంగా సైకిళ్లు. అత్త చెంగు పంటి కింద బిగించి సైకిళ్ల మధ్య నుంచి నన్ను లాక్కుపోయింది. పైన చీటీలు రాసే అమ్మాయి పేరు అడిగితే, నేను నోరు తెరిచేలోగా అత్త "సరోజ, జమ్మలమడుగు" అంది. జీవితంలో మా అత్త అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కటే.

గది చిన్నది, బెంచీలు నిండిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మా దాకా రావడం లేదు. ఒకామె నాకు జరిగి చోటు ఇచ్చింది. ఇంకొకామె చంటిబిడ్డను అత్త ఒళ్లో పెట్టి నీళ్లకు పోయింది, పేరు కూడా అడగలేదు. ఎదురు మూలలో ఒకామె ముక్కు దాకా ముసుగేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

చీటీల అమ్మాయి "సరోజా" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. ఇంకోసారి పిలిచి, విసుక్కుని "లక్ష్మీదేవీ" అంది. ఎవరూ లేవలేదు. మళ్లీ సరోజా, మళ్లీ లక్ష్మీదేవీ. పేర్లు రాయించుకుని యాడికి పోతారో అని ఆమె గొణుక్కుంటుంటే అత్త నన్ను మోచేత్తో పొడిచింది, అప్పుడు గుర్తొచ్చింది సరోజను నేనేనని. నేను లేచిన క్షణంలోనే మూలలో ముసుగామె కూడా ఉలిక్కిపడి లేచింది. ఆ తొందరలో ముసుగు జారింది. ఆమె మా పెద్దాయన కోడలు నాగరత్నమ్మ.

అత్త ఒళ్లో బిడ్డతో అలాగే బిగుసుకుపోయింది. ఊళ్లో అయితే నాగరత్నమ్మ నులకమంచం మీద, అత్త వాకిట్లో నిలబడి. ఇక్కడ ఇద్దరికీ ఒకటే బెంచీ. నాగరత్నమ్మ మా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది:

"మరియమ్మా, నేను నిన్ను జూడల్యా. నువ్వు నన్ను జూడల్యా."

అత్త తలాడించింది. తర్వాత ఏమనుకుందో ఏమో నాగరత్నమ్మ అత్త పక్కనే కూర్చుంది. తనకూ గడ్డేనని, రెండోసారి అని, పనిమనిషిని తోడు తీసుకుని బస్సులో వచ్చానని చెప్పింది. మనవాళ్ల డాక్టరు ఆమెకూ తీసేయాలనే చెప్పాడట. ఆ మాట విన్నాక నాకు భయం తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పలేను. నాకు వచ్చింది నా ఒక్కదాని ఖర్మ కాదనిపించింది.

డాక్టరమ్మ నా కాగితాలన్నీ చూసింది, కడుపు నొక్కి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, "నీకేం కావాలమ్మా?" అని అడిగింది.

నేను అత్త వైపు చూశాను.

"ఆమెను తర్వాత అడుగుతాను. నీకేం కావాలి?"

నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, పిల్లలెందుకు లేరు, ఇవన్నీ అందరూ అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. ఏడుపు వచ్చింది. ఆమె తొందరపెట్టకుండా ఫ్యాను నా వైపు తిప్పింది.

తూకం

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అని ఆమె చెప్పింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట అక్కడక్కడ పెరుగుతుందట. నెలనెలా లోపలిదానితో పాటు అదీ రక్తం కారుస్తుంది, ఆ రక్తానికి బయటికి దారి లేదు. అండాశయంలో చేరితే గడ్డ కడుతుంది. అందుకే తీసినా మళ్లీ వస్తోంది. దీన్ని మందుతో మొదలంటా మాన్పలేను గానీ పడుకోబెట్టగలను అంది. ఆ మాట నాకు నచ్చింది. మాన్పుతాను అన్నవాళ్లను చాలామందిని చూశాను.

పడుకోబెట్టే దారులు ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఒకటి నెలకొక సూది. అది అండాశయాలను కొన్నాళ్లు నిద్రపుచ్చుతుంది. నొప్పి బాగా తగ్గుతుంది గానీ, ముట్లుడిగిన ఆడవాళ్లకు వచ్చే ఆవిర్లు, చిరాకు ముందే వచ్చేస్తాయి, ఎక్కువ కాలం వేస్తే ఎముకలు పలచబడతాయి. ఇంకొకటి గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు. అవి బాగానే పనిచేస్తాయి గానీ కొందరికి ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, గొంతు మొరటుబారుతుంది, అలా మారిన గొంతు మళ్లీ మామూలు కాకపోవచ్చు. మూడోది రోజూ వేసుకునే చిన్న మాత్ర, కుటుంబ నియంత్రణకు ఇచ్చేదే. మధ్యలో ఆపకుండా వేసుకుంటే ముట్టు రాదు, పొర ఎండుతుంది. దానికీ వాంతులు, తలనొప్పి ఉండొచ్చు. ఏది వాడినా, వాడినన్నాళ్లు పిల్లలను అనుకోకూడదు. ఆపితే జబ్బు మళ్లీ లేవొచ్చు. ఏమీ పనిచేయకపోతే ఆపరేషన్ ఎటూ ఉంది, అది ఎక్కడికీ పారిపోదు అంది.

జమ్మలమడుగులో కొన్ని రోజులు నేను అన్నంలో ఈ ఆలోచనలనే కలుపుకుని తిన్నాను. ఒకదాంట్లో ఎముకలు, ఒకదాంట్లో గొంతు, ఒకదాంట్లో ఊరి మాటలు. పిల్లలు లేని ఆడది పిల్లలు వద్దనే మాత్ర మింగుతోందని తెలిస్తే మా వీధి ఏమంటుందో నేను ఊహించగలను. అయితే గొట్టం మాత్రలు వద్దన్నది నేను కాదు, అత్త. ఆదివారం మా చర్చిలో పాట ఎత్తేది నేను. గొంతు సంగతి విన్నప్పుడే ఆమె తీర్మానం చేసేసుకుంది. "అది మాత్రం వద్దు. ఇంగ దేంట్లో ఏముందో నువ్వు జూస్కో" అంది.

తీసేయడం మామూలే అనుకున్న మనిషివి ఇలా ఎందుకు మారావని అడిగాను. అడగడం మానేసి నేను పనిలో పడ్డాక అత్త అంది:

"నాకు తీసేసినప్పుడు నన్నెవురూ అడగల్యా. అడగొచ్చని గూడా నాకు తెల్దు."

ఊరికి తిరిగి వచ్చాక, అన్నం క్యారియరు తీసుకుని షెడ్డుకు పోయి జయరాజుకు అంతా చెప్పాను. మేడ ఎవరిదో కూడా చెప్పాను. ఆయన అన్నం తినడం ఆపి విన్నాడు. మోటార్ల సంగతి తాను చూసుకుంటానని, నాకేది మేలో అది చేయమని అన్నాడు. అంతకుముందు నోరు తెరవని మనిషి ఇంత తేలిగ్గా అంటాడని నేను అనుకోలేదు. భయపడి ఊరుకున్నాడని అప్పుడు తెలిసింది, పట్టక కాదు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ పోయినప్పుడు నేను అత్త వైపు చూడలేదు. ముందు కొన్ని నెలలు సూది, ఆ తర్వాత మాత్ర, నొప్పి తగ్గి ఒళ్లు తేరుకున్నాక మాత్ర ఆపి పిల్లల కోసం చూస్తాను అని చెప్పాను. ఆమె నవ్వి, మొన్న అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు అంది.

సూదుల నెలలు

ఆ చలికాలం మా బడి పిల్లలు బాగా నవ్వుకుని ఉంటారు. వాళ్లు స్వెట్టర్లలో ముడుచుకుని కూర్చుంటే వాళ్ల టీచరు అట్ట పుస్తకంతో విసురుకునేది. మెడ కింది నుంచి సెగ పుట్టి నెత్తికెక్కేది. చిన్న మాటకు ఏడుపు, చిన్న తప్పుకు కోపం. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని జయరాజు అంటే గిన్నె అక్కడే వదిలి చర్చి దాకా నడిచిపోయాను. అక్కడికి పోయాక నాకే నవ్వొచ్చింది. సూదులు అనుకుంటున్నవాళ్లు ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. నేను చెప్పలేదు.

కానీ నొప్పి పోయింది. ఒక్కసారిగా కాదు. ఒకరోజు పులివెందుల బస్టాండులో దిగి నడుస్తూ, గుంతలు వచ్చినప్పుడు సీటు పట్టుకోలేదే అని గుర్తొచ్చింది. రోడ్డు మీదే నిలబడిపోయాను. అంత సంతోషం నాకు పెళ్లి రోజు కూడా లేదు.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. కింద టీ తాగుతున్న మగవాళ్లలో ఎవరో అత్తను గుర్తుపట్టారు. మాట ఊరికి వచ్చింది. పెద్దాయన మనిషి ఒకతను మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా జయరాజూ, నీ పెండ్లాం అవతలోళ్ల మేడెక్కుతాందంట."

"ఎక్కుతాందన్నా" అన్నాడు జయరాజు. "నొప్పి తగ్గుతాంది గాబట్టి ఎక్కుతాంది. పెద్దాయన తోటకు పిలిచినప్పుడల్లా పోయినా, ఇంగ గూడా పోతా. ఆమె కడుపును మాత్రం పార్టీలోకి తేవొద్దండి."

అతను వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఏ తోట నుంచీ పిలుపు రాలేదు. అవతలివాళ్లూ పిలవరు. జయరాజు తిన్నె మీద కూర్చుని, శుభ్రంగా ఉన్న, మోటార్లు విప్పే పానాలనే మళ్లీ మళ్లీ తుడిచేవాడు. చూడలేక సూదులు మానేస్తానన్నాను. ఆయన నా మీద గట్టిగా అరిచింది అప్పుడొక్కసారే.

ఆ తర్వాత జరిగింది పెద్దాయన ఇంట్లో పనిమనిషి చెప్పగా విన్నాం. నలుగురూ ఉండగా అన్నం వడ్డిస్తూ నాగరత్నమ్మ తన మామతో, ఆ మెట్లు తాను కూడా ఎక్కానని చెప్పిందట. టీచరమ్మ ఇంటికి పని ఆపితే తనను కూడా పుట్టింటికి పంపాలి కదా అని అడిగిందట. పెద్దాయన అన్నం తిని చేయి కడుక్కున్నాడు. కొన్నాళ్లకు ఒక ట్రాక్టరు మా వాకిట్లో ఆగి, కాలిపోయిన మోటారు దించిపోయింది. జయరాజు దాన్ని విప్పదీస్తూ ఈల వేశాడు.

ఆ నెల సూదికి నాగరత్నమ్మ తమ జీపులో, మా అత్తనూ నన్నూ కూడా ఎక్కించుకుని బయలుదేరింది. ఆ జీపు ప్రొద్దుటూరులో అవతలి పార్టీ ఆఫీసు ముందు ఆగగానే టీలు తాగుతున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలాయన ముందుకు వచ్చి, మెట్లకు అడ్డంగా ఉన్న సైకిళ్లను ఒక్కొక్కటే పక్కకు తీసి పెట్టాడు. "పోండమ్మా" అన్నాడు. ముసుగులు లేకుండా పైకి పోయాం. చీటీల అమ్మాయికి ముగ్గురమూ సొంత పేర్లు చెప్పాం. ఆమె సరోజ ఏమైందని అడిగింది.

మాత్రల ఏళ్లు

సూదులయ్యాక చిన్న మాత్ర మొదలైంది. మొదటి నెలలు వికారం, మధ్య మధ్య కొంచెం ఎరుపు కనబడడం ఉండేవి. తర్వాత ఒళ్లు అలవాటు పడింది. స్కానులో గడ్డ చిన్నదై అలాగే ఉండిపోయింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్లు నాకు బిడ్డను ఇమ్మని పేరు పెట్టి ప్రార్థన చేసేవాళ్లు. ఆ పూట మాత్ర నా సంచిలో ఉండేది. అందరితో పాటు నేనూ ఆమెన్ అనేదాన్ని. దేవుడికి అన్నీ తెలుసు కాబట్టి ఆయనతో నాకు ఇబ్బంది లేదు. ఆ మాత్ర సంగతి తెలిసి కూడా ప్రార్థనలో అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది మా అత్త.

అనుకున్నట్టే ఒకనాటికి మాత్ర ఆపాను. నొప్పి మెల్లగా తిరిగి వచ్చింది, ఓర్చుకున్నాను. చాలా నెలలకు కడుపు నిలబడింది. కొన్ని వారాలే ఉంది. తర్వాత పోయింది. దీని గురించి ఎక్కువ రాయలేను. ఆ వారాల్లో జయరాజు చీనీకాయలు రసం తీసి తెచ్చేవాడు, నేను బడికి పోతూ అరచేయి కడుపు మీద పెట్టుకుని నడిచేదాన్ని. అంతా తీసేసి ఉంటే ఆ వారాలు కూడా నాకు లేవు. ఏడ్చాను, చాలా ఏడ్చాను, అయినా ఆ వారాలను నేను దేనికీ ఇవ్వను.

ఇంకొన్నాళ్లు చూశాం. నొప్పి మళ్లీ నన్ను గోడలకు ఆనిస్తుంటే, ఇక చాలని, మాత్రకే తిరిగి పోతానని ఇంట్లో చెప్పాను. ఎవరినీ అడగలేదు, చెప్పాను. జయరాజు సరేనన్నాడు. అత్త ఆ ఆదివారం నుంచి చర్చిలో నా బిడ్డ కోసం ప్రార్థన ఆపమని చెప్పి, దాని బదులు నా ఆరోగ్యానికి చేయించింది. ఆ తర్వాత ఏళ్లు బాగానే నడిచాయి. నేను పాఠాలు చెప్పాను, పాటలు ఎత్తాను, బస్సుల్లో నిలబడి ప్రయాణం చేశాను. గోడకు ఆనుకోకుండా బోర్డు నిండా రాయడం ఎంత సుఖమో నొప్పి లేనివాళ్లకు తెలియదు.

ఇప్పుడు

ముట్లు నాకు వాటంతట అవే ఆగిపోయాయి, మందులు లేవు. అత్త లేదు. మా పెద్దాయన వాళ్లూ అవతలివాళ్లూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు, ఒకే ఫ్లెక్సీలో పక్కపక్కన నవ్వుతున్నారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా అత్త ఉంటే ఏమనేదో అనుకుంటాను. పొలిమేరలో చనిపోయినాయన భార్య నాకు ఇంకా సంతలో కనబడుతుంది. ఆ మేడ కింద సెల్‌ఫోన్ల అంగడి పెట్టారు. డాక్టరమ్మ జుట్టు నెరిసింది, వేరే వీధికి మారింది, చూడడం మానలేదు.

స్టాఫ్ రూములో తల వాల్చిన ఆ అమ్మాయిని, వాళ్ల అత్తను తీసుకుని పోయిన శనివారం ఆమె దగ్గరికి పోయాను. ఇప్పుడు మందులు ఇంకా వచ్చాయని, గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం కూడా ఉందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మాయి అన్నీ వింది. తర్వాత డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నాకు ఆ ప్రశ్న ముందే తెలుసు.

"నీకేం కావాలమ్మా?"

అమ్మాయి వాళ్ల అత్త వైపు చూసింది. ఆ అత్త నా వైపు చూసింది. నాకు చెప్పాలని ఎంత ఉన్నా నోరు మూసుకుని, ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

"నాకు ముందు నొప్పి తగ్గాల మేడం" అంది అమ్మాయి. "పిల్లల సంగతి తర్వాత నేనే జెప్తా."

డాక్టరమ్మ చీటీ మీద రాసుకోవడం మొదలుపెట్టింది. అమ్మాయి వాళ్ల అత్త మెల్లగా చేయి చాచి, ఆమె నడుము కింద పెట్టింది.